శిస్తు, పుల్లరి, మున్సిపాలిటీ: చీరాల నుంచి మించాలపాడు దాకా

మొదటి రోజు: చీరాల

పొద్దున్నే చీరాల స్టేషన్లో దిగేసరికి మా బావగారు అప్పటికే వచ్చి బయట బండి దగ్గర టీ తాగుతున్నారు. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. చీరాల-పేరాల, పెదనందిపాడు, పల్నాడు పుల్లరి (అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టే పన్ను), ఈ మూడు చోట్లకీ వరసగా వెళ్ళొద్దామని నేనడిగినప్పుడు ఒకే షరతు పెట్టారు. "విగ్రహాల దగ్గర ఫొటోలు దిగడానికైతే నన్ను పిలవకు. ఖజానాకి డబ్బు ఏ దారిన పోయేదో, ఆ దారికి ఎవరు ఎక్కడ అడ్డం పడ్డారో చూద్దామంటే చెప్పు, వస్తా."

తెల్లదొరల సర్కారుకి పన్ను కట్టేది లేదని జనం ఎదురుతిరిగిన చోట్లివి. మూడూ 1921-22లో జరిగినవే. మూడూ అప్పటి గుంటూరు జిల్లావే. చీరాల మధ్యలో ప్రకాశం జిల్లాలోకి పోయింది, 2022లో జిల్లాలు విడదీశాక బాపట్ల జిల్లాకి వచ్చింది, మించాలపాడు పల్నాడు జిల్లాకి పోయింది. పెదనందిపాడు ఒక్కటే పాత పేరుతో మిగిలింది.

చీరాల బజారులో బట్టల కొట్లు తెరిచే వేళ. చీరాలకి, పేరాలకి మధ్య హద్దు ఎక్కడని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వీధి చూపించారు. అప్పట్లో మాత్రం అవి వేరువేరు ఊళ్ళు. యూనియన్ పంచాయతీ పాలనలో, తక్కువ పన్నులతో గడిచిపోయేవి. మద్రాసు ప్రభుత్వం వాటిని కలిపి మున్సిపాలిటీ చేసింది. రెండూ కలిసి 15 వేల జనాభా, అందులో ఎక్కువమంది నేతపని వాళ్ళు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు. పన్ను ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. మాకీ మున్సిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. లాభం లేక పన్ను కట్టడం మానేశారు. కొందరు జైలుకీ వెళ్ళారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, మన పాఠ్యపుస్తకాలు దాన్ని చల్లగా దాటేస్తాయి. 1919 చట్టంతో మద్రాసులో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. భూమి శిస్తు, పోలీసు, ఖజానా గవర్నరు చేతిలోనే ఉన్నాయి. స్థానిక స్వపరిపాలన, విద్య లాంటివి మాత్రం ఎన్నికైన భారతీయ మంత్రులకి అప్పజెప్పారు. 1920 నవంబరు ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. జస్టిస్ పార్టీ గెలిచింది. స్థానిక స్వపరిపాలన మంత్రి పానుగంటి రామారాయణింగారు, తర్వాత పానగల్ రాజాగా పేరుపడినాయన. అంటే చీరాల జనం మొర పెట్టుకోవాల్సింది దొరకి కాదు, తెలుగు మంత్రికే. మున్సిపాలిటీని రద్దు చేయడం ఆయన చేతిలో పనే. చేయలేదు.

"తెలివైన ఏర్పాటు," అన్నారు బావగారు. "తిట్లు తినే శాఖలన్నీ మనవాళ్ళకిచ్చారు, డబ్బులొచ్చే శాఖలు దగ్గరుంచుకున్నారు."

ఉద్యమానికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడు. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి, చివరికి చీరాల వచ్చి స్థిరపడ్డారు. రామభక్తి, చమత్కారం, మొండితనం మూడూ సమపాళ్ళలో ఉన్న మనిషి. ఆయన కూడగట్టిన వాలంటీర్ల పేరే రామదండు. 1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు జనాన్ని అదుపులో పెట్టింది ఆ దండే. ఆ వెంటనే ఏప్రిల్ మొదటివారంలో గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. అహింసతో పన్ను నిరాకరించి వచ్చింది భరించడం ఒకటి, ఊరే వదిలిపోవడం ఇంకొకటి. మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరికి?

చీరాల రెండో దారి పట్టింది.

రెండో రోజు: జాండ్రపేట, వేటపాలెం

15 వేలమందిలో 13 వేల పైచిలుకు జనం ఇళ్ళకి తాళాలేసి, మున్సిపల్ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. పుస్తకంలో ఈ వాక్యం చదవడానికి అరనిమిషం పట్టదు. జాండ్రపేటలో ఒక నేతకారుడి ఇంట్లో కూర్చుని వింటే గానీ దాని బరువు తెలియలేదు.

ఆయనకి డెబ్బై దాటాయి. గుంట మగ్గం మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతూనే మాట్లాడారు. అడ్డపోగుని మోసే నాడె అటూ ఇటూ పోతోంది. మధ్యలో పోగు తెగితే మాట ఆపి, వేలి కొసలతో నలిపి అతికి, మళ్ళీ అందుకుంటున్నారు. ఊరొదిలి పోవడం సంగతి ఎత్తితే నాకు తట్టని విషయం చెప్పారు.

"పన్నె తీసుకెళ్ళొచ్చు బాబూ, దోనె తీసుకెళ్ళొచ్చు, నాడె చేతిలో పట్టుకుపోవచ్చు. గుంటనెట్టా తీసుకెళ్తాం? కొత్తచోట మళ్ళీ తవ్వుకోవాలి. ఇసక నేలైతే అంచులు నిలవవు. మగ్గం మీదున్న పడుగు మధ్యలో కోసుకుంటే ఆ చీర పోయినట్టే. వానొస్తే గుంటలోకి నీళ్ళు. పని ఆగితే కూడెవరు పెడతారు?"

వాళ్ళ తాతల్లో ఎవరైనా రామనగరంలో ఉన్నారా అనడిగాను. ఉన్నారనే అంటారు గానీ ఎవరో ఏమిటో తనకి తెలియదన్నారు. చేయి మాత్రం ఆపలేదు.

రామనగరం సుమారు 11 నెలలు నిలిచింది. ఎండాకాలం మొదలుపెట్టి, వానాకాలం, చలికాలం దాటి. కులాలవారీగా ప్రతినిధులను ఎన్నుకుని ఒక సభ పెట్టుకున్నారు, తగాదాలు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. పన్ను వద్దని పోయినవాళ్ళు పాలన వద్దనలేదు, తమ పాలన తామే చూసుకున్నారు. ఈ భాగం నాకు అన్నిటికంటే నచ్చింది. కులాలవారీగా ఎన్నుకోవడమే దాని లోపం కదా అన్నారు బావగారు. అదీ నిజమే.

డబ్బు అయిపోవడం అసలు కష్టం. కాంగ్రెస్ నిధుల మీద ఆశ పెట్టుకోవద్దని ముందే తేలిపోయింది. 1921లోనే గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. తిరుచినాపల్లి జైలు. నాయకుడు లేడు, సంపాదన లేదు, పాకలు చివికిపోయాయి. జనం మెల్లగా ఇళ్ళకి తిరిగొచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. ఆయన 1928లో క్షయతో పోయారు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

మధ్యాహ్నం వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనంలో కూర్చున్నాం. 1918లో మొదలైన గ్రంథాలయం. గాంధీగారి చేతికర్ర ఒకటి ఇక్కడ భద్రంగా ఉంది, వచ్చినవాళ్ళంతా ముందు దాన్నే అడుగుతారు. మేమూ చూశాం. దానికంటే నన్ను కట్టిపడేసింది పాత పత్రికల సంపుటాలు. కాగితం గోధుమరంగుకి తిరిగి, అంచులు వేలు తగిలితే రాలిపోతున్నాయి. సహాయనిరోధం వార్తల పక్కనే తలనూనె ప్రకటనలు, బలానికి లేహ్యాల ప్రకటనలు. రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. భోజనం వేళ మించిపోయి దారిలో అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాం.

మూడో రోజు: పెదనందిపాడు

చీరాల నుంచి పర్చూరు మీదుగా బస్సు. పర్చూరు దాటాక ఇసక నేల పోయి నల్లరేగడి మొదలైంది. రెండువైపులా శనగ, పొగాకు, ఏరగా మిగిలిన పత్తి. డబ్బున్న నేల అని చూస్తేనే తెలుస్తుంది. పెదనందిపాడు సెంటర్లో దిగి ఎటు వెళ్ళాలో చూస్తుంటే బావగారు టీకొట్టు బెంచీ మీద కూలబడి, "ఇక్కడ తిరిగి చూసేదేం లేదు, కూర్చో, చెప్తా" అన్నారు. ఆ పూటంతా నిజంగానే అక్కడే గడిచింది.

మీరు పాత రెవెన్యూ పనితీరు తెలిసినవారైతే వచ్చే రెండు పేరాలూ వదిలేయొచ్చు.

గుంటూరు జిల్లా రైత్వారీ ఇలాకా. మధ్యలో జమీందారు లేడు, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలి. సంక్రాంతికి పంట ఇంటికొస్తుంది, జనవరి నుంచి కిస్తీలు మొదలవుతాయి. జిల్లా మొత్తానికి కలెక్టరు దొర ఒక్కడు. ఆయన కింద డివిజనుకి ఓ అధికారి, తాలూకాకి తహసీల్దారు, కొన్ని ఊళ్ళు కలిసిన ఫిర్కాకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. వీళ్ళలో ఏ ఒక్కరికీ సుబ్బయ్యకి ఎన్ని ఎకరాలున్నాయో, ఎంత బాకీ ఉన్నాడో తెలియదు. అది తెలిసింది ఊళ్ళో కరణానికి. పొలాల లెక్కలు, బాకీల లెక్కలు ఉండే అడంగల్, చిట్టా రాసేది ఆయనే. వసూలు చేసి రసీదిచ్చి తాలూకా ఖజానాకి పంపేది మునసబు. ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చేది తలారి, వెట్టివాడు. జీతాలు నామమాత్రం, హక్కు మాత్రం వంశపారంపర్యం.

"ఇంత పెద్ద సామ్రాజ్యం ఈ నలుగురి మీద ఆనుకుని ఉంది," అన్నారు బావగారు. "ఆ సంగతి లండన్‌కి తెలియకపోయినా పెదనందిపాడుకి తెలుసు."

1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో జరిగింది ఇదే. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టం అన్నారు. దానికంటే ముఖ్యం, కరణాలు, మునసబులు ఊరూరా రాజీనామాలిచ్చారు. శాంతిసేన పేరుతో వాలంటీర్లను వేలల్లో తయారుచేసి ఊళ్ళు కాపలా కాయించారు. దెబ్బకి దెబ్బ తీయకూడదన్నది వాళ్ళకి పెట్టిన కట్టడి. సర్కారు దగ్గర 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది. దాని ప్రకారం బాకీదారు సామాను, పశువులు జప్తు చేయొచ్చు, వేలం వేయొచ్చు, ఆ తర్వాత భూమినీ అమ్మొచ్చు. చేయడానికే బయల్దేరారు.

జప్తంటే ఏం కావాలో బావగారు వేళ్ళు మడిచి మరీ చెప్పారు. ఆయన సర్వీసులో చేసిన పనేగా. "ముందు ఇల్లు చూపించే మనిషి కావాలి. గొడ్డుని పట్టుకుంటే తోలే మనిషి కావాలి. తోలుకెళ్ళాక దానికి గడ్డి, కుడితి కావాలి. సామానైతే బండి కావాలి. వేలం వేస్తే పాట పాడేవాడు కావాలి. పెదనందిపాడులో ఇవేవీ దొరకలేదు. గొడ్డుని జప్తు చేసిన ఇన్‌స్పెక్టరు సాయంత్రానికి ఆ గొడ్డుకి పాలేరైపోతాడు."

టీకొట్టాయన పెద్దగా నవ్వాడు. ఇంకో రెండు టీలు పెట్టి డబ్బులొద్దన్నాడు. బావగారు ఊరుకోలేదు, ఇచ్చారు.

గవర్నరు విల్లింగ్డన్ సర్కారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. సైన్యాన్ని ఊళ్ళ మీదుగా కవాతు చేయించారు. రాజీనామా చేసినవాళ్ళ మిరాసీ శాశ్వతంగా పోతుందని బెదిరించారు. ఇది కరణాలకి తుపాకీకన్నా పెద్ద దెబ్బ. తాతముత్తాతల నాటి హక్కు, కొడుక్కి రావాల్సింది. అయినా కొన్ని వారాలు వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. చీరాలలో జనం పాలనని వదిలి పోయారు, పెదనందిపాడులో ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి పాలననే ఊరి బయట నిలబెట్టారు. నా మటుకు నాకు ఈ మూడింట్లో సర్కారుకి నిజంగా చెమటలు పట్టించింది ఇదే.

ఇందులో నాకు మింగుడుపడని సంగతీ ఉంది. అధికారులకి చాకలి ఉండకూడదు, మంగలి ఉండకూడదు, నీళ్ళు తోడేవాడు ఉండకూడదన్న వెలి పెట్టారు. పని చేసిపెట్టే కులాలవాళ్ళని ఎవరడిగారు? భూమి ఉన్న ఆసామి శిస్తు ఎగ్గొడితే అది త్యాగం, వాళ్ళు కూలి వదులుకుంటే అది ఊరి కట్టుబాటు. బావగారు దీనికి ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో వాళ్ళకీ దేశమంటే ఉండేదోయ్ అన్నారు. ఉండే ఉంటుంది. కాదనగలిగే వీలుందా అన్నదే నేనడిగింది. ఆ వాదన బస్సు వచ్చేదాకా తెగలేదు.

ముగింపు బయటినుంచే వచ్చింది. కాంగ్రెస్ 1921 నవంబరులో ఢిల్లీలో పెట్టిన షరతులున్నాయి. ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం పోవడం, అహింస, ఇవి సమకూరిన చోటే శాసనోల్లంఘన. ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ జనవరిలో అనుమతి ఇచ్చింది. గాంధీకి నమ్మకం కుదరలేదు. ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్యకి రాసిన ఉత్తరంలో, షరతులు తీరని చోట పన్ను ఆపొద్దనే హెచ్చరించారు. గుజరాత్‌లోని బార్డోలీలో తాను స్వయంగా మొదలుపెట్టాలని ఆయన ఆలోచన, గుంటూరు తొందరపడిందని ఆయన భయం. మనవాళ్ళు మల్లగుల్లాలు పడి చివరికి ఫిబ్రవరి రెండోవారం నాటికి శిస్తు కట్టేయమన్నారు. కట్టేశారు. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టారు, దాంతో 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమం ఆపేస్తూ తీర్మానం చేసింది. దేశమంతా ఆగిపోయింది.

వంశపారంపర్య కరణాలూ మునసబులూ ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్ళు ఉన్నారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. బావగారు ఉద్యోగంలో చేరిన కొత్తలు. రికార్డులు అప్పగించమంటే ట్రంకుపెట్టెల్లో దాచిన కరణాల కథలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి, అవి ఇంకోసారి.

రాత్రికి గుంటూరు చేరాం.

నాలుగో రోజు: మాచర్ల, దుర్గి, మించాలపాడు

గుంటూరు నుంచి మాచర్ల రైలు. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల తెల్లదుమ్ము, దాటాక నాపరాతి గోడలు, ఎర్రనేలలు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళంతా తుమ్ముతూనే ఉన్నారు. ఇప్పుడిదంతా సాగర్ కుడికాలవ నీళ్ళ చలవ. 1921లో సాగర్ లేదు. వానకి ఎదురుచూసే మెట్ట, పక్కనే నల్లమల. పల్నాటి మనిషి బతుకు పంటకన్నా పశువు మీదే ఎక్కువ ఆధారపడేది.

1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవికి హద్దురాళ్ళు పాతింది. పశువుని మేపాలంటే తలకింతని పుల్లరి కట్టి పర్మిట్ తీసుకోవాలి. లేకపోతే గొడ్డుని బందెలదొడ్డికి తోలేస్తారు, జరిమానా కట్టి విడిపించుకోవాలి. శిస్తు ఏడాదికి కొన్ని కిస్తీలు. బందెలదొడ్డి భయం ప్రతి పూటా. ఫారెస్టు గార్డుల మామూళ్ళ బాధ ఎంతగా పెరిగిందంటే, 1913లో మద్రాసు ప్రభుత్వమే రైతుల ఫిర్యాదులు వినడానికి కమిటీ వేయాల్సివచ్చింది. పల్నాడుకి ఒరిగిందేమీ లేదు. 1921లో జనం పుల్లరి కట్టకుండానే మందల్ని అడవిలోకి తోలారు, అధికారులకి తిండీ నీళ్ళూ పుట్టకుండా చేశారు. సంగతి చూడమని కాంగ్రెస్ పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి అరెస్టై జైలుకెళ్ళారు.

మాచర్లలో చెన్నకేశవుడి గుడి చూసి, దుర్గి బస్సెక్కాం. దుర్గిలో రోడ్డు పక్కనే రాతిపనివాళ్ళు. ఉలి దెబ్బలు, తెల్లటి పొడి, సగం చెక్కిన నందులు. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని మించాలపాడు వెళ్ళాం. చిన్న ఊరు. పల్నాటి వీరుల కథలకి కారెంపూడి ఉంటే, కన్నెగంటి హనుమంతుకి ఇదీ.

హనుమంతు ఇక్కడ పుల్లరి వ్యతిరేకానికి పెద్దదిక్కు. ఉద్యమం మానుకుంటే దుర్గి ఫిర్కాకి జమీందారుని చేస్తానని రూథర్‌ఫర్డ్ ఆశపెట్టాడని చెప్పుకుంటారు. బావగారు తల అడ్డంగా ఊపారు. "రైత్వారీ ఇలాకాలో కలెక్టరు జమీందారీ ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడోయ్?" నాకూ అది కథగానే తోస్తుంది. కానీ అలాంటి కథ పుట్టిందంటే ఆ మనిషిని కొనడం కుదరలేదన్న సంగతి జనం మనసులో ఎంత నాటుకుందో తెలుస్తుంది.

1922 ఫిబ్రవరి చివర్లో పోలీసు బలగం ఊరి మీదికి వచ్చింది. జనం పోగయ్యారు, కాల్పులు జరిగాయి. హనుమంతు, ఆయనతో పాటు మరికొందరు నేలకొరిగారు. తూటాలు తగిలి పడిపోయి దాహం దాహమంటుంటే దగ్గరికి ఎవరినీ రానివ్వలేదని ఊళ్ళో చెబుతారు.

తేదీల వరస చూడండి. బార్డోలీలో ఉద్యమం ఆపేసింది ఫిబ్రవరి 12న. పెదనందిపాడు శిస్తు కట్టేసింది అంతకుముందే. మించాలపాడులో తుపాకులు పేలింది ఆ తర్వాత. అంటే దేశం పోరాటం విరమించాక హనుమంతు చనిపోయాడు. ఆపమన్న మాట ఇక్కడికి చేరలేదో, చేరినా గొడ్డు మేత తీర్మానాలతో ఆగే పని కాదో. పత్తి రైతుకి శిస్తు ఆపడం ఒక రాజకీయ నిర్ణయం, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. పశువుల మనిషికి ఆ వెసులుబాటు లేదు. రేపు పొద్దున్న మందని ఎటు తోలాలన్నదే అతని ముందున్న ప్రశ్న.

ఊరి బయట మేకలు తోలుకుపోతున్న కుర్రాణ్ణి ఆపి, పుల్లరి అంటే తెలుసా అన్నాను. "బళ్ళో సెప్పారండీ," అన్నాడు. మరి ఇప్పుడు ఎక్కడ మేపుతావంటే చేత్తో చుట్టూ చూపించాడు. "యాడుందండీ సోటు? అంతా మిరపసేలేగా. కాలవకట్ట ఎంట తోలుకుంటం."

అయిదో రోజు: తిరుగుప్రయాణం

రాత్రి మాచర్లలో పడుకుని పొద్దున్నే గుంటూరు రైలెక్కాం. రాయడానికి పెద్దగా ఏం లేదు, దారంతా రూథర్‌ఫర్డ్ గురించే మాట్లాడుకున్నాం. పెదనందిపాడులో జప్తులు చేయించినవాడు, పుల్లరి పోరాటం నాటి కలెక్టరు. 1924లో మన్యంలో అల్లూరి సీతారామరాజుని పట్టుకోవడానికి స్పెషల్ కమిషనరుగా పంపింది కూడా ఇతన్నే. ఆ మే 7న రాజుని కాల్చి చంపారు. గుంటూరులో శాంతిసేన మీద నేర్చుకున్నది మన్యంలో ఎంత పనికొచ్చిందో ఎవరైనా కూర్చుని రాయాలి.

వానలు తగ్గాక నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళ్దామన్నారు బావగారు. అక్కడ వెతకాల్సిన మనిషినీ ఆయన ముందే ఎంచుకున్నారు. సీతారామరాజుని కాదు, ఆయన అనుచరుడు గాం గంటందొరని. దొర కూడా ఊరి మునసబు ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. "రాజీనామా ఇచ్చిన మునసబులని చూశాంగా," అన్నారు. "ఇక సర్కారే పీకేసిన మునసబు ఏం చేశాడో చూద్దాం."